లావుగా ఉన్న పిల్లల మనసు నొచ్చకుండా చూసుకోవడం ఎలా: ఇంటి నుంచి బడి దాకా, వరుసగా

“మా పాప కాస్త లావుగా ఉంది. తగ్గమని చెబితే ఏడుస్తోంది, చెప్పకపోతే పెరుగుతోంది. ఏం చేయమంటారు?” ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అడిగేవాళ్లలో చాలామంది డైట్ చార్ట్ కోసం చూస్తుంటారు. ఇది డైట్ చార్ట్ కాదు. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలు ఇంట్లో, బడిలో, బంధువుల మధ్య తల దించుకోకుండా తిరగాలంటే పెద్దవాళ్లు ఏం చేయాలో ఇందులో చెబుతున్నాను.

వరుస తప్పకండి. మనం మామూలుగా తిండి దగ్గర మొదలుపెడతాం. బిడ్డ మూతి ముడుచుకుని గదిలోకి వెళ్లిపోయాక మనసు సంగతి గుర్తొస్తుంది. నేనూ అదే చేశాను, మా అబ్బాయి విషయంలో. వెక్కిరింపులు పడే పిల్లలు దిగులుతో ఇంకాస్త ఎక్కువ తింటారు, ఆటకు దూరంగా జరుగుతారు. అందుకే ముందు ఇంట్లో మాటలు, తర్వాత డాక్టర్, తర్వాత బడి, బంధువులు. తిండి, ఆట ఆఖరున.

## 1. రెండు వారాలు ఏమీ అనకుండా గమనించండి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. అది బిడ్డ కంట పడకూడదు. రోజూ రాత్రి రెండు లైన్లు రాస్తే చాలు. ఏం తిన్నారో రాయకండి. ఎలా ఉన్నారో రాయండి.

వీటిని చూడండి:

- పీటీ పీరియడ్ ఉన్న రోజే కడుపునొప్పి, తలనొప్పి అంటున్నారా?
- ఫొటో తీస్తుంటే వెనక్కి వెళుతున్నారా, చెల్లినో బ్యాగునో అడ్డం పెట్టుకుంటున్నారా?
- ఎండాకాలంలోనూ జాకెట్, స్వెట్టర్ విప్పడం లేదా?
- లంచ్ బాక్స్ అలాగే తిరిగొస్తోందా? వచ్చాక వంటింట్లో నిలబడి గబగబా తింటున్నారా?
- పుట్టినరోజు పార్టీలకు పిలుపులు తగ్గాయా? పిలిచినా వెళ్లనంటున్నారా?
- మంచం కింద, స్కూల్ బ్యాగులో బిస్కెట్ కవర్లు దొరుకుతున్నాయా?

కవర్లు దొరికితే ఆ రోజే అడిగేయాలనిపిస్తుంది. అడగకండి. దాచుకుని తింటున్నారంటే ఎదురుగా తినడానికి సిగ్గుపడుతున్నారనే అర్థం. పట్టుకుని నిలదీస్తే సిగ్గు పెరుగుతుంది, దాచే చోటు మారుతుంది, అంతే.

పదిహేను రోజుల తర్వాత చదివి చూస్తే ఏ రోజు, ఏ చోట, ఎవరి దగ్గర ఇబ్బంది వస్తోందో తెలుస్తుంది. డాక్టర్‌తో, టీచర్‌తో మాట్లాడేటప్పుడు ఈ పుస్తకం చాలా పనికొస్తుంది.

## 2. మన నోటి నుంచే మొదలు

ఈ రెండు వారాల్లోనే రెండో పని. ఇంట్లో ఆ బిడ్డను ఏ పేర్లతో పిలుస్తున్నామో ఒక కాగితం మీద రాయండి. బొండాం, లడ్డూ, గున్న, డుమ్మి, బుజ్జి ఏనుగు. ముద్దుగానే అంటాం, నిజమే. కానీ మూడేళ్లప్పుడు ముద్దుగా ఉన్న పేరు పదేళ్లకు వ్యాన్‌లో పిల్లల నోట్లో పడుతుంది. అక్కడ అది ముద్దు మాట కాదు.

ఈ రోజు నుంచి అసలు పేరు, లేదా ఒంటితో సంబంధం లేని ముద్దుపేరు. ఇంట్లో అందరూ.

తర్వాత మనం మన గురించి అనుకునే మాటలు. అద్దం ముందు నిలబడి “ఛీ, ఎంత లావయ్యానో, ఈ చీర నాకు బాగాలేదు” అని అమ్మ అంటే పక్కనున్న పిల్ల అది తన గురించే అన్నట్టు వింటుంది. టీవీలో లావుపాటి మనిషి కనబడగానే నాన్న నవ్వితే అదీ వింటుంది.

కొన్ని మాటలు ఇలా మార్చుకోవచ్చు:

- “ఇంకెంత తింటావ్?” బదులు “కడుపు నిండిందా, ఇంకా ఆకలిగా ఉందా?”
- “లేచి కాస్త ఒళ్లు వంచు” బదులు “కొట్టు దాకా వెళ్తున్నా, తోడు వస్తావా?”
- “అన్నయ్యను చూడు, ఎంత సన్నగా ఉన్నాడో” అనే మాటకు బదులేమీ లేదు. అది పూర్తిగా మానేయాల్సిందే.
- “ఇలా ఉంటే రేపు నిన్నెవరు చేసుకుంటారు?” అనే మాట కూడా అంతే. పదేళ్ల ఆడపిల్లతో ఈ మాట అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది ఆ పిల్ల మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

అమ్మమ్మలు, నానమ్మల దగ్గర ఇంకో చిక్కు ఉంది. “అయ్యో, వీడేంటే ఇంత లావయ్యాడు” అన్న నోరు మూసుకోకముందే కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేస్తారు. బిడ్డకు ఏది నమ్మాలో తెలియదు. పెద్దవాళ్లను తప్పుపట్టకుండా ఒకటే అడగండి: “అమ్మా, పెట్టేది నీ ఇష్టం, కానీ వాడి ముందు లావు మాట తేవద్దు.” రెండూ ఒకేసారి ఆపమంటే ఒకటీ జరగదు. ముందు మాట ఆగనివ్వండి.

## 3. డాక్టర్ దగ్గరికి: స్వభావం అనుకున్నది ఒంటి సమస్య కావచ్చు

ఈ మెట్టు వదిలేయకండి. లావుగా ఉన్న పిల్లలకు పడే చాలా తిట్లు నిజానికి వైద్యం చేయాల్సిన విషయాల మీద పడుతున్నాయి.

మెడ నలుపు. మా అబ్బాయికి నాలుగో తరగతిలో మెడ వెనక నల్లబడింది. “సరిగా స్నానం చేయడు” అని నేనే అన్నాను. శనగపిండి పెట్టి, పీచుతో ఎర్రబడేదాకా రుద్దాను. క్లాసులో “మట్టి మెడ” అని పిలిచేవారట, నాకు ఏడాది తర్వాత తెలిసింది. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు మెడ, చంకల దగ్గర చర్మం అలా మందంగా, నల్లగా మారుతుంది. అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. రుద్దితే పోదు, పుండవుతుంది. డాక్టర్‌కు చూపించి, రక్తపరీక్షలు అవసరమో కాదో అడగాలి.

బద్ధకం, క్లాసులో నిద్ర. రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే నిద్ర సరిపోవడం లేదని అర్థం. ఆ పిల్లలు పగలు చిరాకుగా, మత్తుగా ఉంటారు, మార్కులు తగ్గుతాయి. గురకను ఫోన్లో ఒక నిమిషం వీడియో తీసుకెళ్లండి.

“నడవడానికి నాటకాలు.” మోకాలు, తొడ, తుంటి నొప్పి అని కుంటుతుంటే వెంటనే చూపించాలి. బరువు ఎక్కువున్న, ఎదిగే వయసు పిల్లల్లో తుంటి ఎముక జారే సమస్య రావచ్చు, దాని నొప్పి కొన్నిసార్లు మోకాల్లో కనిపిస్తుంది. అది ఆగే పని కాదు, నడిపించే పని అసలే కాదు.

తొడల ఒరుపు. చెమటకు తొడలు ఒరుసుకుని మండుతుంటే ఏ పిల్లా పరిగెత్తదు, కారణమూ చెప్పదు. యూనిఫాం లోపల మోకాళ్ల దాకా వచ్చే పలుచటి కాటన్ షార్ట్ వేస్తే చాలావరకు తీరుతుంది.

మగపిల్లల ఛాతీ. కొవ్వు వల్లో, యుక్తవయసు హార్మోన్ల వల్లో ఛాతీ ఉబ్బుగా కనిపిస్తుంది. ఈత మానేసినా, చొక్కా విప్పకపోయినా కారణం ఇదే కావచ్చు. వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరే డాక్టర్‌ను పక్కకు పిలిచి అడగండి.

ఆడపిల్లలకు నెలసరి సక్రమంగా రాకపోవడం, పైపెదవి మీద వెంట్రుకలు, ఎనిమిదేళ్లలోపే యుక్తవయసు ఎదుగుదల కనిపించడం కూడా చెప్పాల్సినవే. లావవుతూ ఎత్తు పెరగడం ఆగినట్టుంటే అదీ చెప్పండి.

వెళ్లే ముందు డాక్టర్‌కు గానీ, అక్కడి నర్సుకు గానీ ముందుగా ఒక మాట చెప్పండి: “బరువు చూసి అంకె పైకి చదవొద్దండి. ఆ సంగతులు బిడ్డ బయట ఉన్నప్పుడు మాట్లాడదాం.” చాలామంది వింటారు. ఒకచోట మా వాడి ముందే, బయట కూర్చున్నవాళ్లకు వినబడేలా “ఏం పెడుతున్నారమ్మా వీడికి?” అన్నారు. తర్వాత ఆర్నెల్లు వాడు ఏ డాక్టర్ దగ్గరికీ రాలేదు. అలా జరిగితే వేరే డాక్టర్‌ను చూసుకోండి, మొహమాటపడకండి.

“లావు” అని మన కంటితో తేల్చేయడం కాకుండా, వయసుకు తగ్గ బీఎంఐని, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్కని, గ్రోత్ చార్ట్ మీద గుర్తించమని అడగండి. 5 నుంచి 18 ఏళ్ల భారతీయ పిల్లలకు ఐఏపీ, అంటే మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం, 2015లో ఇచ్చిన చార్టులు ఉన్నాయి. పెద్దవాళ్ల లెక్క పిల్లలకు పనికిరాదు. ఇంకో మంచి సంగతి, ఎదిగే పిల్లల్లో చాలామందికి బరువు తగ్గాల్సిన పనే ఉండదు. ఎత్తు పెరుగుతుంటే బరువు నిలకడగా ఉంటే చాలంటారు డాక్టర్లు. ఇది వినగానే మన టెన్షన్ సగం తగ్గుతుంది.

## 4. బిడ్డతో మొదటి మాట

ఎదురుగా కూర్చోబెట్టి “నీతో మాట్లాడాలి” అంటే పిల్లలు బిగుసుకుపోతారు. బండి మీద వెళ్లేటప్పుడో, బట్టలు మడతపెట్టేటప్పుడో, రాత్రి లైటు తీసేశాక పక్కన పడుకున్నప్పుడో కదపండి. కళ్లలోకి చూడాల్సిన పని లేని చోట మాట తేలిగ్గా వస్తుంది.

ఇలా మొదలుపెట్టవచ్చు:

“నాన్నా, ఈ మధ్య వ్యాన్ దిగగానే డల్‌గా ఉంటున్నావు. ఎవరైనా ఏమైనా అంటున్నారా? నువ్వు చెప్పినా నీకు చెప్పకుండా వెళ్లి గొడవ చేయను.”

ఆ చివరి వాక్యం తప్పకుండా అనండి. పిల్లలు చెప్పకపోవడానికి పెద్ద కారణం, అమ్మానాన్నలు బడికి వెళ్లి రచ్చ చేస్తారని, మర్నాడు వెక్కిరింపు రెట్టింపవుతుందని.

చెప్పడం మొదలుపెడితే మధ్యలో సలహా ఇవ్వకండి. “పట్టించుకోకు” అనకండి, పట్టించుకోకుండా ఉండగలిగితే మీకు చెప్పేవాళ్లే కాదు. “అందుకే తగ్గమన్నాను” అని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అనకండి. అలా అంటే వెక్కిరించినవాళ్లదే న్యాయం అని మనమే ఒప్పుకున్నట్టు.

అనాల్సింది ఇంతే: “అలా అనడం తప్పు. నీ తప్పేం లేదు. నాకు చెప్పి మంచి పని చేశావు. ఏం చేద్దామో ఇద్దరం ఆలోచిద్దాం.”

“నేను లావుగా ఉన్నానా అమ్మా?” అని నేరుగా అడిగితే అబద్ధం చెప్పకండి. వాళ్లకు అద్దం ఉంది. “నీ ఒళ్లు కొంచెం పెద్దదే. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా ఉంటుంది. నీకు ఆయాసం రాకుండా, బాగా ఆడుకునేలా చూడటం మా పని. నిన్ను ఎవరైనా అవమానిస్తే మాత్రం ఒప్పుకోను.”

## 5. వెక్కిరింపుకు జవాబు: ఇంట్లో ప్రాక్టీస్

మాట తెలిసినా ఆ క్షణంలో నోరు పెగలదు. అందుకే ఇంట్లో అలవాటు చేయించాలి.

1. పొడుగు జవాబు వద్దు, ఒక్క వాక్యం చాలు. చిన్నపిల్లలకు: “నాకు పేరుంది. ఆ పేరుతో పిలువు.” పెద్ద తరగతుల వాళ్లకు: “నా ఒంటి గురించి నువ్వు మాట్లాడొద్దు.”
2. నిటారుగా నిలబడి, మామూలు గొంతుతో, ఒక్కసారే.
3. అన్నాక అక్కడ నిలబడకుండా నడిచి వెళ్లిపోవాలి. ఎటు వెళ్లాలో ముందే అనుకోవాలి: ఒక ఫ్రెండ్ దగ్గరికి, లేదా టీచర్ ఉన్నవైపు.
4. ఇంటికొచ్చి చెప్పాలి. చెప్పినందుకు ప్రశ్నలు ఉండవు.

ప్రాక్టీస్‌లో నాన్న వెక్కిరించేవాడిలా నటించవచ్చు. కానీ బడిలో అన్న ఆ మాటనే అనకూడదు. “ఏయ్, ఫలానా” అంటే చాలు. అమ్మానాన్నల నోట ఆ మాట ఆటకైనా వినిపించకూడదు.

తిరిగి వెక్కిరించడం, “నువ్వు నల్లగా లేవా” అనడం నేర్పకండి. కొట్టడం, తోయడం, డబ్బులు లాక్కోవడం, ఫోన్లో స్టిక్కర్లు చేసి గ్రూపులో పెట్టడం దాకా వస్తే అది పిల్లలు తేల్చుకునేది కాదు. స్క్రీన్‌షాట్ తీసి దాచి, కింద చెప్పినట్టు బడికి వెళ్లండి.

ఒక్క స్నేహితుడున్నా పిల్లలు చాలా తట్టుకుంటారు. క్లాసులో కాస్త నెమ్మదైన పిల్లనో పిల్లాడినో ఆదివారం ఇంటికి పిలవండి. పదిమందితో పార్టీ కాదు, ఒక్కరు. క్యారమ్స్, సైకిల్, గాలిపటం, ఏదైనా. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే.

## 6. బడితో మాట్లాడటం

పేరెంట్స్ మీటింగ్‌లో పదిమంది ముందు ఈ మాట ఎత్తకండి. క్లాస్ టీచర్‌ను విడిగా పది నిమిషాలు అడగండి. వెళ్లే ముందు బిడ్డకు చెప్పండి, ఏం చెప్పొచ్చో ఏం చెప్పొద్దో అడగండి. నోట్‌బుక్‌లోంచి తేదీలు, చోట్లు రాసుకెళ్లండి. “పిల్లలు వెక్కిరిస్తున్నారు” అంటే టీచర్‌కు చేయడానికి ఏమీ ఉండదు. “మంగళ, గురువారాల్లో పీటీ తర్వాత, మెట్ల దగ్గర” అంటే ఉంటుంది.

వీటిలో మీకు అవసరమైనవి అడగండి:

- ఎత్తు, బరువు కొలిచేటప్పుడు ఒక్కొక్కరినే పిలవాలి, అంకె పైకి చదవకూడదు.
- పీటీలో ఇద్దరు లీడర్లు టీమ్ ఎంచుకునే పద్ధతి ఆపాలి. ప్రతిసారీ ఆఖరున మిగిలే పిల్లలకు అది ప్రతిసారీ అవమానమే. నంబర్లు చెప్పించి విడదీయవచ్చు.
- పరుగును శిక్షగా వేయకూడదు.
- యాన్యువల్ డే డాన్సులో వెనక వరసకు నెట్టకూడదు. నాటకంలో ప్రతి ఏడూ ఘటోత్కచుడో, తిండిపోతో వేషమే ఇవ్వకూడదు. బిడ్డ కోరితే సరే, అడిగి ఇవ్వాలి.
- బెంచీలో, వ్యాన్‌లో “ఇద్దరి చోటు” అనే మాట వస్తే పెద్దవాళ్లే అక్కడికక్కడ ఆపాలి.

టీచరే పేరు పెట్టి పిలుస్తున్నారని తెలిస్తే? ముందు మర్యాదగా అడగండి. మారకపోతే హెడ్‌మాస్టర్‌కు లేదా ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఉత్తరంలో ఈ సెక్షన్ రాస్తే విషయాన్ని తేలిగ్గా తీసుకోరు.

వారం తర్వాత మళ్లీ వెళ్లండి. ఒక్కసారి చెప్పి వదిలేస్తే బడిలో మరిచిపోతారు.

## 7. పెళ్లిళ్లు, ఫంక్షన్లు, బంధువులు

ముందు రోజే ఫోన్ చేయండి. అక్కడికక్కడ ఆపడం కంటే అది తేలిక. “వదినా, రేపు పాప ముందు బరువు మాట వద్దు. డాక్టర్ గారు చూస్తున్నారు, మాట్లాడొద్దన్నారు.” డాక్టర్ పేరు చెబితే పెద్దవాళ్లు ఇంకో మాట అనరు.

అయినా పిన్నో, బాబాయో అన్నారనుకోండి. నవ్వేసి ఊరుకోకండి, బిడ్డ మీ ముఖం చూస్తుంటుంది. “బాబాయ్, ఆ మాట వద్దు. మొన్న చెస్‌లో గెలిచింది, అది అడగండి.” చెప్పి ప్లేటు చేతికిచ్చి అక్కడి నుంచి తీసుకెళ్లండి.

పంక్తిలో, బఫే దగ్గర “స్వీటు చాలు” అని అందరిముందూ ఆపకండి. ఆ పూట వదిలేయండి.

బట్టల సంగతి. ఇప్పుడు సరిపోయేవి కొనండి, “తగ్గాక వేసుకుంటుందిలే” అని బిగుతువి కాదు. కొలతలు ఇంట్లోనే తీసి చీటీ టైలర్‌కు ఇవ్వండి. కొట్టులో “ఈ సైజు పిల్లల్లో రాదండి” అని గట్టిగా అనిపించుకోవడం తప్పుతుంది.

## 8. ఇప్పుడు తిండి, ఆట

ఇంట్లో ఒకే వంట. ఒకరికి జొన్నరొట్టె, మిగతావాళ్లకు పూరీ అంటే అది శిక్షే. మార్పు అందరి కంచంలోనూ రావాలి, సన్నగా ఉన్న అన్నయ్యకూ నాన్నకూ. ఇంట్లో ఉండకూడదనుకున్నది ఎవరికీ కొనకండి. కొని, తాళం వేసి, ఒక్కరికి మాత్రం దాచిపెడితే ఆ వస్తువు మీద యావ పెరుగుతుంది.

ఏం వండాలి, ఎన్ని గంటలకు తినాలి అన్నది పెద్దవాళ్ల నిర్ణయం. అందులో ఎంత తినాలన్నది బిడ్డ నిర్ణయం. ముద్దలు లెక్కపెట్టకండి. “కంచం ఖాళీ చేయాల్సిందే” అని బలవంతమూ చేయకండి.

ఆట రోజుకు గంట ఉండాలి, ఒకేసారి కానక్కర్లేదు. నలుగురు చూసే గ్రౌండ్‌లో మొదలుపెట్టకండి. డాబా మీద డాన్సు, పొద్దున్నే సైకిల్, కుక్కతో నడక. బలం కావాల్సిన ఆటల్లో ఈ పిల్లలు రాణించవచ్చు: కబడ్డీ, షాట్‌పుట్, జూడో. “తగ్గడానికి” అని కాకుండా ఆట కోసమే పంపండి. నిద్ర పన్నెండేళ్లలోపు వాళ్లకు 9 నుంచి 12 గంటలు, ఆపై వాళ్లకు 8 నుంచి 10 గంటలు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

రోజూ బరువు చూడటం. మిషన్ అటక మీద పెట్టేయండి. డాక్టర్ చెప్పినప్పుడు, డాక్టర్ దగ్గరే.

తగ్గితే సైకిల్ కొనిస్తాననడం. ఇప్పటికే అనేసి ఉంటే షరతు తీసేసి సైకిల్ కొనివ్వండి. సైకిల్ ఎలాగూ మంచిదే.

“చిక్కావురా, ఎంత బాగున్నావో!” అని మెచ్చుకోవడం. మళ్లీ బరువు పెరిగిన రోజు బాగాలేనట్టేనా అనుకుంటారు. చేసిన పనిని మెచ్చుకోండి: “ఈ వారం మూడు రోజులు ఈతకెళ్లావు.”

ఇంటర్నెట్‌లో చూసిన డైట్లు, పౌడర్లు. డాక్టర్ చెప్పకుండా పిల్లలకు ఏదీ వద్దు. పూట మాన్పించడం, ఉపవాసం కూడా వద్దు.

అమ్మ ఒక్కతే అన్నీ చేయడం. నాన్న జోకులు ఆపకపోతే అమ్మ కష్టమంతా వృథా. వారానికోసారి ఇద్దరూ కూర్చుని నోట్‌బుక్ చదవండి.

## 10. ఆలస్యం చేయకూడని సందర్భాలు

- పూటలు మానేయడం, తిన్నాక బాత్రూమ్‌కు వెళ్లి వాంతి చేసుకోవడం
- ఆపుకోలేక చాలా ఎక్కువ తినేసి తర్వాత ఏడవడం, అది పదేపదే జరగడం
- రెండు వారాలకు మించి దిగులు, ఇష్టమైన పనులు కూడా వదిలేయడం
- బడికి అసలు వెళ్లనని మొండికేయడం
- చేతుల మీద కోతలు, గీతలు
- “నేను లేకపోతే బాగుండు” లాంటి మాటలు

వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టర్‌తో పాటు సైకాలజిస్ట్‌ లేదా సైకియాట్రిస్ట్‌ దగ్గరికి వెళ్లండి. చివరి రెండింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే వెళ్లాలి, బిడ్డను ఒంటరిగా వదలకూడదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బడిలోనో బయటో ఎవరైనా వేధిస్తుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద రాసి పెట్టండి, పిల్లలే చేసుకునేలా.

## 11. మనమే నోరు జారితే

జారుతుంది. విసుగులో పాత పేరు వచ్చేస్తుంది, “ఇక చాలు తిన్నది” అనేస్తాం. అప్పుడు ఊరుకోకండి, సర్దిచెప్పడానికి ఐస్‌క్రీమ్ కొనకండి. ఆ రోజు పడుకునే లోపు పక్కన కూర్చుని చెప్పండి: “పొద్దున నేను అన్న మాట తప్పు. నీకు బాధేసి ఉంటుంది. ఇంకోసారి అంటే నువ్వే నన్ను ఆపు.” మా వాడు నన్ను రెండుసార్లు ఆపాడు.